దగ్గరి ఆసుపత్రి దాటి దూరం వెళ్లే ఆడవాళ్లు

ఆరోగ్యశాఖ దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తుంది. ఒక పట్టణంలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉంటే చుట్టుపక్కల వాళ్లకు చికిత్స అందుతోందని, లేకపోతే అందడం లేదని లెక్క. కోస్తా జిల్లాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కొన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. నేను చూసినదానికీ ఈ లెక్కకూ ఎప్పుడూ పొంతన కుదరలేదు. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇంటికి దగ్గరున్న సెంటర్‌ని కావాలనే దాటేసి, రెండు బస్సులు మారి, పక్క జిల్లా నుంచి వచ్చేవాళ్లు. దగ్గరి చోట డాక్టరు సరిగ్గా చూడడనీ కాదు, మందులుండవనీ కాదు. అక్కడ ఓపీ చీటీ రాసే అమ్మాయిది వాళ్ల వీధే. గేటు ముందు టీ బండి పెట్టుకున్నాయన వరసకు మేనమామ. మందుల కోసం ఏ గది ముందు కూర్చున్నారో సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది.

అలాంటివాళ్లని చూసి చూసి నాకు ఒక సంగతి గట్టిగా నాటుకుపోయింది. హెచ్‌ఐవీ ఉన్న ఆడమనిషి మందులు ఎంత సరిగ్గా, ఎన్నేళ్లు వాడుతుందన్నది ఆసుపత్రిలో కంటే ఆమె ఉండే వీధిలోనే ఎక్కువ తేలుతుంది. కుళాయి ఏ వేళకు వస్తుంది, ఇల్లు ఎవరిది, కూలి పని ఎవరి చేతిలో ఉంది, బస్సెక్కేటప్పుడు ఎవరు చూస్తారు, ఇవన్నీ ఆమె వైద్యంలో భాగాలే. వీటి జోలికి పోకుండా "మందులు ఊరికే ఇస్తున్నాం, వాడుకోకపోతే మేమేం చేస్తాం" అనడం అన్యాయం. ఆ మాట ఎన్నోసార్లు విన్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మందుల విషయంలో మనం సాధించింది తక్కువేం కాదు. 2004 ఏప్రిల్ 1న జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అదే నాకో, ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కేసులు ఎక్కువున్నాయని అప్పుడు ముందుగా తీసుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో సీడీ4 కణాలు, అంటే జబ్బుల్ని అడ్డుకునే రక్తకణాలు, బాగా పడిపోతే తప్ప మందులు మొదలుపెట్టేవాళ్లు కాదు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 ఎంతున్నా సరే, వెంటనే మొదలుపెడుతున్నారు. ఇప్పుడిచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిపిన మాత్ర. రోజుకి ఒకటి చాలు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే హెటెరో, అరబిందో, లారస్ లాంటి కంపెనీలు ఈ మందుల్నో వీటి ముడిసరుకునో ఆఫ్రికా దేశాల అవసరాలకు కూడా తయారుచేస్తున్నాయి. మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలకడగా ఉన్నవాళ్ల నుంచి శారీరక సంబంధం ద్వారా అవతలి మనిషికి సోకదు. ఇంత మంచి మందు మన గడ్డ మీదే తయారవుతుంటే, అది చేతికొచ్చాక కూడా కొందరు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నదే ప్రశ్న.

నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు సుమారు 24 లక్షల మంది. వాళ్లలో నూటికి 45 మంది దాకా ఆడవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షలు దాటారు, మహారాష్ట్ర తర్వాత స్థానం మనదే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి భర్త నుంచి వచ్చింది. కొందరికి కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షలో బయటపడింది, కొందరికి ఆయన పోయాకగానీ తెలియలేదు. ఆయన పోయిన ఏడాది తిరక్కముందే అత్తింట్లో వంట గిన్నెలు వేరవుతాయి. తర్వాత మంచం వసారాలోకి వస్తుంది. ఆ తర్వాత పుట్టింటికి పొమ్మంటారు, పుట్టింట్లో తమ్ముడి పెళ్లి కావాల్సి ఉంటుంది. చివరికి ఆమె పిల్లల్ని తీసుకుని, ఎవరూ ఎరగని పట్టణం శివార్లలో రేకుల గది అద్దెకు తీసుకుంటుంది. ఆమె బతికే చోటు ఏదో నిర్ణయించింది ఆ జబ్బే. ఇక ఆ చోటు తిరిగి జబ్బు మీద ఏం చేస్తుందో చూద్దాం.

ముందు నీళ్లు. శివారు కాలనీల్లో కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది, లేదంటే ట్యాంకర్ వస్తుంది. వచ్చేది పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య. ఏఆర్‌టీ సెంటర్‌కి పోవాలంటే ఆ టైముకి ఆమె బస్టాండులో ఉండాలి. తొమ్మిదికి అక్కడుంటేనే రక్తపరీక్ష, కౌన్సెలింగ్, డాక్టరు, మందుల కిటికీ అన్నీ ముగించుకుని చీకటిపడేలోపు ఇల్లు చేరగలదు. నీళ్ల రోజూ మందుల రోజూ ఒకటే అయిందంటే పక్కింటామెని బతిమాలాలి: "వదినా, నాలుగు బిందెలు పట్టి పెట్టవూ." వదిన పట్టి పెడుతుంది, అందులో సందేహం లేదు. కానీ అడుగుతుంది: "మళ్లీ ఎక్కడికమ్మా? పోయిన నెల కూడా ఇదే తారీకుకి పోయావుగా?" రెండుసార్లు అబద్ధం చెప్పొచ్చు. మూడోసారికి నోరు రాదు. ఆ నెల ఆమె నీళ్లు పట్టుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. సెంటర్ రిజిస్టర్లో ఆమె పేరు పక్కన రాలేదని పడుతుంది. అలా కొన్నాళ్లు గడిస్తే ఎల్‌ఎఫ్‌యూ జాబితాలోకి, అంటే జాడ తప్పినవాళ్ల జాబితాలోకి ఎక్కుతుంది. కుళాయి టైము సంగతి ఆ జాబితాలో ఎక్కడా రాయరు.

జాడ తప్పినవాళ్లని వెతకడానికి ఫీల్డు వర్కర్లు ఇళ్లకు వెళ్తారు. మంచి ఉద్దేశమే. కానీ మగ తోడు లేని ఆడమనిషి ఇంటికి కొత్త మనిషి చేతిలో ఫైలుతో వచ్చి పేరు పెట్టి అడిగితే ఆ వీధిలో ఎన్ని ఊహలు పుడతాయో చెప్పనక్కర్లేదు. అందుకే చాలామంది తప్పు అడ్రసు ఇస్తారు. అందుకు వాళ్లని కోప్పడే సిబ్బందిని చూశాను. నాకు మాత్రం ఆ తప్పు అడ్రసు వాళ్లు తమ తలమీది కప్పును కాపాడుకోవడంగానే కనిపించేది.

తర్వాత ఆ గది. మందుల డబ్బా ప్లాస్టిక్‌ది, కదిలిస్తే మాత్రలు గలగలమంటాయి. పలచటి గోడ అవతల ఇంకో కాపురం. ఒకే అటక, ఒకే బీరువా, అద్దె కోసం ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి వచ్చే ఇంటావిడ. అందుకని లేబుల్ చింపేస్తారు, మాత్రల్ని తీసి చిన్న స్టీలు డబ్బాలో పోసి బియ్యం సంచిలో దాస్తారు. దాంతో డబ్బాలో తేమ పీల్చడానికి పెట్టిన పొట్లం పోతుంది. ఈ మందుల్ని ముప్పై డిగ్రీల లోపు ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. గుంటూరు, పల్నాడు వైపు మే నెలలో నీడలోనే నలభై దాటుతుంది, రేకుల కింద ఎంతుంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఫ్రిజ్ కొనుక్కోమని చెప్పగలమా?

ఆ ఒంటి గదికే కిటికీ ఉండదు, ఉన్నా దోమలకీ జనానికీ భయపడి మూసే ఉంచుతారు. ప్రపంచవ్యాప్తంగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల చావులకు అన్నిటికంటే పెద్ద కారణం టీబీ. టీబీ రాకుండా ముందు జాగ్రత్తగా ఐసోనియాజిడ్ ఇస్తారు, మంచిదే. గాలి ఆడని గదిలో నలుగురు పడుకునే కాలనీలో పక్క గది ముసలాయన నెల రోజులుగా దగ్గుతుంటే ఆ మాత్ర ఒక్కటే ఎంతవరకు అడ్డుపడుతుంది?

పని సంగతి చెప్పాలి. మిరప కోతల కాలంలో కూలీలు ముఠాగా కదులుతారు. మేస్త్రి పిలిచిన రోజున ఉండాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరిది. మిర్చి యార్డు పనిలో, కాయ తొడిమలు తీసే షెడ్లలో కూడా అంతే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే డబ్బే మిగతా ఏడాది అప్పు తీర్చాలి. అలాంటి నెలల్లో మందుల కోసం ఒక రోజు పోవడమంటే ఆ రోజు కూలి మాత్రమే పోదు, మేస్త్రి దగ్గర నమ్మకం కూడా పోతుంది. మేస్త్రి ఆ వీధివాడే. ఇళ్లలో పనిచేసుకునే ఆడవాళ్ల కష్టం ఇంకో రకం. నాలుగు ఇళ్లకూ వాళ్లే మాట మోస్తారు, ఆ నాలుగు ఇళ్లూ వాళ్ల గురించి మాట్లాడుకుంటాయి. ఒక్క చోట అనుమానం వస్తే వారంలో నాలుగు చోట్లా పని పోతుంది. వంటపని చేసినంత మాత్రాన హెచ్‌ఐవీ సోకదని చదువుకున్న ఇల్లాళ్లకు తెలియదా? తెలుసు. తెలిసీ మాన్పిస్తారు.

బాలింత మీద వీధి పెట్టే కాపలా వేరు. ఇప్పటి పద్ధతి ప్రకారం తల్లి మందులు వాడుతూ ఆరు నెలలు తన పాలే ఇవ్వొచ్చు, బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా మొదటి వారాల్లో రోజూ నెవిరపిన్ సిరప్ పోయాలి. పురిటి గదిలోకి వచ్చిపోయే పెద్దమ్మలకు ఆ సీసా కనపడకుండా ఉండదు. "పుట్టిన బిడ్డకు రోజూ ఏం మందే?" అంటారు. కామెర్లకని చెప్పమన్నాం, జలుబుకని చెప్పమన్నాం, బలానికని చెప్పమన్నాం. రోజుల బిడ్డకు అన్ని రోజులు ఏ జలుబు ఉంటుంది? ఒకామె రోజూ తెల్లవారుజామున నాలుగింటికి, అందరూ లేవకముందే సిరప్ పోసేది. ఆమె ఉన్నది పదమూడు మంది ఉండే ఉమ్మడి ఇల్లు. బిడ్డకు పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. ఆమె జాగ్రత్తకు నేనిప్పటికీ చేతులెత్తి దండం పెడతాను, కానీ ఒక వైద్య వ్యవస్థ ప్రతి తల్లి నుంచీ అంత మొండితనం కోరకూడదు.

వీధి చేసే పని వీధిదేనని, మనిషి గుణం కాదని చెప్పడానికి గట్టి ఆధారం హెచ్‌ఐవీకి బయట, అమెరికాలో దొరుకుతుంది. 1990ల నడుమ అక్కడి ప్రభుత్వం బోస్టన్, బాల్టిమోర్, చికాగో, లాస్ ఏంజెలిస్, న్యూయార్క్ నగరాల్లో కటిక పేదలుండే ప్రభుత్వ ఇళ్లలోని కుటుంబాల మధ్య లాటరీ తీసింది. కొందరికి పేదరికం తక్కువున్న పేటలకు మారితేనే చెల్లే అద్దె వోచర్లు ఇచ్చింది. పదేళ్లకు పైగా గడిచాక చూస్తే, ఆ అవకాశం వచ్చిన ఆడవాళ్లలో విపరీతమైన ఊబకాయం, మధుమేహం మిగతావాళ్లలో కంటే తక్కువగా ఉన్నాయి. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లకు మందులివ్వలేదు, పత్యం చెప్పలేదు. మారింది పేట. లాటరీ కాబట్టి తెలివైనవాళ్లు ముందే మారిపోయారనే సాకు కూడా పనికిరాదు. ఉండే చోటు మారితేనే చక్కెర జబ్బులో తేడా వచ్చినప్పుడు, ప్రతి రోజూ తప్పకుండా మాత్ర వేసుకోవాల్సిన, దాన్ని దాచుకోవాల్సిన జబ్బులో ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

మరి ఏం చేయాలి? సెంటర్లను ఇంకా దగ్గరికి తేవాలనేది ఎక్కువమంది చెప్పే జవాబు. పెద్ద సెంటర్‌కి అనుబంధంగా దగ్గర్లో మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ సెంటర్లు ఆ ఆలోచనతో వచ్చినవే, అవి ఎందరికో మేలు చేశాయి. బస్సు దిగి అర కిలోమీటరు నడవలేని స్థితిలో ఉన్నామెకు దగ్గరితనమే ప్రాణం. కానీ దగ్గరికి తెచ్చి, ఒక మూల గది కేటాయించి, దాని మీద బోర్డు రాసి, వారంలో ఒక రోజు ఆ పనికే పెడితే, ఆ రోజు ఆ వరండాలో కూర్చున్న ప్రతి ఆడమనిషి జబ్బూ ఊరికి చెప్పేసినట్టే. దగ్గరితనం పనికిరావాలంటే ఆ మందు గుంపులో కలిసిపోవాలి. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఇచ్చే కిటికీలోనే, అదే రంగు కవర్లో, అదే వరసలో ఇది కూడా ఇవ్వాలి. ఎవరు దేనికొచ్చారో వెనక నిలబడ్డ మనిషికి తెలియకూడదు.

ఈ తేడా ఈమధ్య బస్సుల్లో కళ్లారా చూశాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా రాయితీ పాసులు ఇవ్వాలని మేం ఒకప్పుడు గట్టిగా అడిగాం. అలాంటి పాసు ఇచ్చినా కండక్టరుకి చూపించే ధైర్యం చాలామందికి ఉండేది కాదు, ఆ కండక్టరు రోజూ ఆ రూట్లోనే తిరుగుతాడు. 2023 డిసెంబరులో తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చాయి. ఆ పథకాలు వర్తించే ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లందరికీ టిక్కెట్టు సున్నా. చేతిలో ఉండాల్సింది ఒక గుర్తింపు కార్డే, ఎందుకు వెళ్తున్నావని అడిగేవాళ్లు లేరు. ఆ పథకాల మంచిచెడ్డల మీద ఎవరి రాజకీయం వాళ్లది. పక్క జిల్లా సెంటర్‌కి పోయే ఆడమనిషికి మాత్రం అది ఇచ్చింది ఛార్జీ డబ్బులొక్కటే కాదు, మాట్లాడకుండా ఉండే హక్కు కూడా. అందరికీ ఇచ్చింది కాబట్టే ఆమెకు పనికొచ్చింది.

పింఛను దగ్గర దీనికి ఎదురు జరుగుతుంది. ఏఆర్‌టీ వాడేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నెలనెలా పింఛను ఉంది. తెలంగాణ ఆసరాలో 2,016 రూపాయలు. ఎందరి ఇళ్లలో ఆ డబ్బే బియ్యం, పాలు. అయినా అర్హత ఉండీ అర్జీ పెట్టుకోనివాళ్లు నాకు చాలామంది తెలుసు. వార్డు ఆఫీసులో కాగితం ఎన్ని చేతులు మారుతుందోనని వాళ్ల భయం. అందులో సగం మంది వితంతు పింఛనుకే దరఖాస్తు పెట్టుకుని సరిపెట్టుకుంటారు. ఆ మాట వీధికి ముందే తెలుసు కదా.

ఈ వాదనకు ఒక బలమైన ఎదురు వాదన ఉంది. ఇలా దాచుకుంటూ పోతే వివక్ష ఎప్పటికి పోతుంది అంటారు. నిజమే, కొందరు బయటికి వచ్చి మాట్లాడారు కాబట్టే ఈ మాత్రమైనా మారింది. తమిళనాడులో కౌసల్య పెరియసామి తన పేరుతో, తన ముఖంతో నిలబడి 1998లో పాజిటివ్ ఆడవాళ్ల సంఘాన్ని కట్టింది. ఆమె లాంటివాళ్లు లేకపోతే 2017 హెచ్‌ఐవీ చట్టం వచ్చేది కాదని నేను నమ్ముతాను. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని ఇల్లు అద్దెకు ఇవ్వననకూడదు, పనిలోంచి తీసేయకూడదు, ఒకరి జబ్బు సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఉమ్మడిగా ఉంటున్న ఇంట్లోంచి ఆమెను వెళ్లగొట్టే హక్కు అత్తింటికి లేదు. ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ని పెట్టాలి.

చట్టం గొప్పదే. అయితే దాన్ని వాడుకోవాలంటే ముందు "నాకు హెచ్‌ఐవీ ఉంది" అని ఎవరో ఒకరి ముందు ఒప్పుకోవాలి. ఇంటి ఓనరు ఎప్పుడూ ఆ కారణం చెప్పడు, "మా తమ్ముడొస్తున్నాడు, గది కావాలి" అంటాడు. బయటికొచ్చి పోరాడటం ఆమె ఇష్టం. అది ఆమె ధైర్యం, ఆమె పిల్లల పరిస్థితి, ఆమె వెనక నిలబడేవాళ్లను బట్టి ఉంటుంది. ప్రభుత్వం మాత్రం ధైర్యం ఉన్నవాళ్లకే మందు అందేలా ఏర్పాటు చేయకూడదు. భయపడే మనిషికి కూడా వైద్యం అందాలి. అసలు ముందు అందాల్సింది వాళ్లకే.

వీధి ఎప్పుడూ శత్రువేనని కూడా అనలేను. డ్వాక్రా గ్రూపులో ఒకే ఒక్క తోటి ఆడమనిషికి విషయం చెప్పుకోగలిగిన వాళ్లు చాలా నిలకడగా మందులు వాడటం చూశాను. ఆ ఒక్క మనిషి నీళ్లు పట్టి పెడుతుంది, పిల్లల్ని స్కూలు నుంచి తెస్తుంది, మేస్త్రికి ఏదో సర్ది చెబుతుంది, సాయంత్రం "వేసుకున్నావా?" అని కళ్లతోనే అడుగుతుంది. మేం గంటసేపు చేసే కౌన్సెలింగ్ కంటే ఆ చూపు ఎక్కువ పనిచేసేది. అలాంటి మనిషి దొరకాలంటే ఒక వీధిలో కొన్నేళ్లు కుదురుగా ఉండాలి. పదకొండు నెలలకొకసారి గది మారే మనిషికి స్నేహం ఎప్పుడు ముదరాలి?

2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోయినప్పుడు నెలనెలా ఇచ్చే మందుల్ని రెండు మూడు నెలలకు ఒకేసారి ఇవ్వడం ఊపందుకుంది. ఇంటికి తెచ్చివ్వమంటారా అని ఫోన్లు చేస్తే చాలామంది ఆడవాళ్లు వద్దన్నారు. రేషన్ షాపు దగ్గర కలుస్తామన్నారు, బ్యాంకు ముందు కలుస్తామన్నారు, కూరగాయల బండి దగ్గర సంచిలో వేసి పొమ్మన్నారు. ఎక్కడ తీసుకుంటే క్షేమమో వాళ్లకు అంగుళం అంగుళం తెలుసు. అంతకుముందు ఆ మాట వాళ్లని ఎవరూ అడగలేదు.

ఇప్పుడైనా అడగాలి. మందులు మొదలుపెట్టిన రోజే ఏ సెంటర్, ఏ వారం, ఏ వేళ, ఇంటికి ఎవరైనా రావచ్చా, ఫోన్లో ఏ పేరుతో మాట్లాడాలి అని ఆమెనే అడిగి రాసుకోవాలి. నిలకడగా వాడేవాళ్లకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి, మిరప కోతల ముందు, వలస వెళ్లే ముందు తప్పకుండా ఇవ్వాలి. ఆమె వచ్చిన రోజే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా అక్కడే చేసి పంపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఆ ముప్పు మామూలు కంటే ఆరు రెట్లు. ఇంకో రోజు రమ్మంటే ఇంకో అబద్ధం వెతుక్కోవాలి, అందుకే రారు.

మిగతాది ఆరోగ్యశాఖ పరిధిలో లేదు. శివారు కాలనీకి నీళ్లు సాయంత్రం కూడా వదలడం మున్సిపాలిటీ పని. ఇళ్ల పట్టాల్లో ఒంటరి ఆడవాళ్లకు, ఏ జబ్బు కాగితమూ అడక్కుండా, ముందు వరస ఇవ్వడం రెవెన్యూ వాళ్ల పని. ఏటా డిసెంబరు 1న, ప్రపంచ ఎయిడ్స్ దినాన, స్కూలు పిల్లలకు ఎర్ర రిబ్బన్లు కట్టి మెయిన్ రోడ్డు మీద ర్యాలీ తీస్తారు. జిల్లా ఎయిడ్స్ నియంత్రణ సమీక్ష అంటే ఎక్కువగా ఆసుపత్రి అధికారులే కూర్చుంటారు. ఈసారి ఆ సమీక్షకు మున్సిపల్ కమిషనర్‌నీ ఆర్టీసీ డిపో మేనేజర్‌నీ గృహనిర్మాణ శాఖ ఇంజనీరునీ పిలవండి. మందులు మానేసిన వాళ్ల జాబితాను పేర్లు తీసేసి, కాలనీల వారీగా వాళ్ల ముందు పెట్టండి. ఏ కాలనీలో ఎక్కువమంది జాడ తప్పారో, ఆ కాలనీకి నీళ్లు ఎన్ని గంటలకు వస్తున్నాయో, మొదటి బస్సు ఎన్ని గంటలకు ఉందో అక్కడే చూసుకోవచ్చు.